గరాజ్‌లో పెద్దకూర

మా పెళ్లికి కోడికూర పెట్టారు, వేటమాంసం పెట్టారు. పెద్దకూర మాత్రం పెట్టలేదు. పెళ్లికొడుకు ఆఫీసు వాళ్లు వస్తారు, వాళ్ల ముందు ఎందుకులే అని రెండు వైపుల పెద్దలూ ఒక్క మాట మీద నిలబడ్డారు. ఆ పెళ్లిలో గొడవ లేకుండా తేలిన విషయం అదొక్కటే. అందుకే పదో పెళ్లిరోజు దగ్గర పడుతుంటే మా ఆయన ఒక తీర్మానం చేశాడు.

"ఈసారి బీఫే. ముక్కలు కోసి కుక్కర్‌లో పెట్టేది కాదు. ఎముకలతో సహా పెద్ద రోస్ట్. టేబుల్ మధ్యలో పెట్టుకుని తిందాం."

మేము అమెరికాలో ఈ క్యారీ అనే ఊరికి వచ్చి అప్పటికి ఆరేళ్లు. అన్నేళ్లలోనూ ఓవెన్‌లో నేను చేసినవి రెండు కేకులు, అందులో ఒకటి పొంగలేదు. అయినా సరేనన్నాను.

ఆ శుక్రవారం మాంసం కౌంటర్ దగ్గర నిలబడితే, తెల్లగడ్డం పెద్దాయన ఏం కావాలని అడిగాడు. రిబ్ రోస్ట్ అన్నాను. ఆయనకు వినపడలేదు. మళ్లీ అన్నాను. మళ్లీ వినపడలేదు. నేను గుసగుసగా మాట్లాడుతున్నానని అప్పుడు తెలిసింది.

నేను విజయవాడలో అద్దె ఇంట్లో పెరిగాను. ఆదివారం పెద్దకూర పొయ్యి మీదికి ఎక్కించే ముందు అమ్మ వీధివైపు కిటికీ మూసి, అగరొత్తి వెలిగించేది. ఇంటిగలావిడ అడిగితే "మటనండీ" అని చెప్పాలని నాకూ తమ్ముడికీ నేర్పింది. ఒక ఆదివారం మా తమ్ముడు, ఆవిడ ఏమీ అడక్కుండానే, మేడ మీదికి వెళ్లి మరీ "మా ఇంట్లో ఇవాళ మటనండీ" అని చెప్పి వచ్చాడు. ఆ గొంతు తగ్గించడం నాతోపాటు విమానం ఎక్కి వచ్చిందన్నమాట.

గడ్డం పెద్దాయన కౌంటర్ మీదుగా వంగి, తనూ గొంతు తగ్గించి, "సర్‌ప్రైజా?" అని అడిగాడు.

అవునన్నట్టు తలూపాను. ఇక ఆ బేరమంతా రహస్యంగానే నడిచింది. ఎంతమందికి అని గుసగుసగా అడిగాడు. ఇద్దరికి అని గుసగుసగా చెప్పాను. ఇద్దరికైతే రెండు ఎముకల ముక్క చాలన్నాడు. నేను మూడు వేళ్లు చూపించాను. ఆయన నన్ను గౌరవంగా చూశాడు. ముక్కని అటూ ఇటూ తిప్పి, మాంసంలో సన్నగా పాకిన తెల్లటి కొవ్వు చారలు చూపించి, రుచంతా వీటిలోనే ఉంది, నెమ్మదిగా కరగనివ్వు అన్నాడు. ఎముకల్ని కోసి, మళ్లీ వాటినే మాంసానికి దారంతో కట్టి ఇచ్చాడు. థర్మామీటర్ ఉందా అని అడిగితే, జ్వరానికి చూసేది ఉందన్నాను. ఆయన నవ్వకుండా పక్క అరలోంచి మాంసానికి గుచ్చేది తీసి నా చేతిలో పెట్టాడు.

ఆయన చెప్పినట్టే ఉప్పూ మిరియాలూ పట్టించి, రాత్రంతా ఫ్రిజ్‌లో మూత లేకుండా ఉంచాను. శనివారం పన్నెండింటికి, కింద బంగాళదుంపలు పరిచిన పళ్లెంలో పెట్టి, తక్కువ వేడికి పెట్టిన ఓవెన్‌లోకి పంపాం. ఒంటిగంటకి ఓవెన్‌లో టప్‌మని చప్పుడైంది. కింది తీగ ఎర్రగా మెరిసి నల్లబడిపోయింది. పైన పొయ్యిలు వెలుగుతున్నాయి, ఓవెన్ మాత్రం చల్లారిపోతోంది. మా ఆయన మెయిన్ స్విచ్ ఆపాడు, వేశాడు, ఓవెన్ తలుపు మీద తట్టాడు. సాఫ్ట్‌వేర్ వాళ్లకి తెలిసిన వైద్యం అంతే.

"ఎదురింటి ఆంటీని అడుగుదామా?" అన్నాను.

"వాళ్లు గుడ్డు కూడా ముట్టరు కదా."

"వేరే ఎవరున్నారు?"

ఎదురింటి అంకుల్ సర్జన్‌గా రిటైరయ్యారు. వాళ్లిద్దరూ నలభై ఏళ్ల కిందటే అమెరికా వచ్చినవాళ్లు. మేము ఈ ఇంట్లో దిగిన రోజు మొదట పులిహోర తెచ్చిపెట్టింది ఆ ఆంటీయే. నేను వెళ్లేసరికి ఆవిడ ఇంటి ముందు ఎండుటాకులు ఊడుస్తున్నారు.

"ఆంటీ, మా ఓవెన్ పోయింది. మీ ఓవెన్ ఒక రెండు గంటలు..."

"దానికేం తల్లీ, తీసుకురా. కేకా?"

"కాదాంటీ. బీఫ్."

"ఏంటీ?" ఆవిడకి ఒక చెవి సరిగా వినపడదు.

"బీఫ్, ఆంటీ" అన్నాను. వీధి చివర కుక్కతో నడుస్తున్నాయన కూడా తిరిగి చూశాడు. పుట్టిన తర్వాత ఆ మాట అంత గట్టిగా అనడం నాకు అదే మొదటిసారి. కిటికీలేవీ మూసుకోలేదు.

ఆంటీ ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చారు. పర్లేదాంటీ అని నేను వెనక్కి తిరగబోతుంటే, "ఆగమ్మా. వంటింట్లో వద్దు. గరాజ్‌లో పాత స్టవ్ ఉంది కదా, అందులో పెట్టుకో" అన్నారు.

వంటిల్లు కొత్తగా కట్టించుకున్నప్పుడు పాత స్టవ్‌ని గరాజ్‌లోకి మార్చారట. ఇంట్లో వాసన రాకుండా అప్పడాలు, చేగోడీలు దాని మీదే వేయించుకుంటారు. ఓవెన్ తలుపు తీస్తే లోపల మూకుళ్లు, జంతికల గొట్టం, ఖాళీ ఐస్‌క్రీం డబ్బాలు కిక్కిరిసి ఉన్నాయి. అన్నీ బయటికి తీశాం. మా ఆయన రెండు చేతులకీ గ్లవ్స్ వేసుకుని, పళ్లెం ఎత్తుకుని, కార్లు ఆగుతుంటే పెళ్లికొడుకులా నింపాదిగా రోడ్డు దాటి వచ్చాడు.

ఓవెన్ వేడెక్కింది. ఆంటీ కోటు వేసుకుని మడత కుర్చీలో, కాస్త దూరంగా కూర్చున్నారు. అంతలో అంకుల్ లోపల్నుంచి వచ్చారు. ఓవెన్ దగ్గర వంగి, ముక్కు ఎగబీల్చి, థర్మామీటర్ చూశారు.

"నూట ఇరవై అయిదు డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర తీసేయండి. బయట పెడితే ఇంకో పది దానంతటదే ఎక్కుతుంది. అప్పుడు కరెక్ట్‌గా మీడియం రేర్ వస్తుంది, లోపల గులాబీగా" అన్నారు.

ఆంటీ కుర్చీ ఇటు తిప్పుకున్నారు.

"మీకెలా తెలుసు?" అని అడిగారు ఆంటీ.

"కాన్ఫరెన్సుల్లో ఎవరో అనుకుంటుంటే విన్నాను."

"ఎన్ని కాన్ఫరెన్సుల్లో విన్నారు?"

అంకుల్ ఆ థర్మామీటర్‌ని మళ్లీ చాలా శ్రద్ధగా పరీక్షించారు. మీడియం రేర్ అన్న మాట మాత్రం ఆంటీకి ఏ చెవితో విన్నా స్పష్టంగానే వినపడి ఉంటుంది. మా ఆయన గోడకి తగిలించిన సైకిల్ వంక చూస్తూ నవ్వు ఆపుకున్నాడు.

నాలుగు దాటాక అంకె అంకుల్ చెప్పినదానికి దగ్గర పడింది. చివర పది నిమిషాలు వేడి పెంచితే పైపొర గోధుమరంగు తిరిగి చిటపటలాడింది, ఆ అంకె రాగానే బయటికి తీశాం. మాతో రమ్మని ఇద్దర్నీ పిలిచాం. అంకుల్ ఆంటీ ముఖం చూశారు.

"పదండి. అంత చదువు చదివారుగా, కోసిపెట్టండి" అన్నారు ఆంటీ.

కాసేపు పక్కన పెట్టాక, మా టేబుల్ మీద అంకుల్ దారం కత్తిరించి, ఎముకల్ని విడదీసి, ఆపరేషన్ చేసినంత శుభ్రంగా ముక్కలు కోశారు. అన్నీ ఒకే మందం. లోపల గులాబీ రంగు. ఆంటీ వంగి చూసి, "ఇంత హడావుడీ దీనికా?" అని, పక్కన ఎర్రగా వేగిన బంగాళదుంపల వైపు చెయ్యి చాచారు.

"ఆంటీ, వద్దు. అవి దాని కొవ్వులోనే వేగాయి" అన్నాను.

ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగింది. కోపం రాలేదు. "ముందే చెప్పావు, మంచిదానివి" అని చెయ్యి వెనక్కి తీసుకున్నారు. నాకే ప్రాణం ఒప్పలేదు. పొయ్యి పనిచేస్తోంది కదా అని, నేనెప్పుడూ మాంసం వండని కొత్త మూకుడు తీసి, నాలుగు దుంపలు సన్నగా తరిగి, కరివేపాకు, వెల్లుల్లి కారం వేసి వేపుడు చేశాను. అన్నం వండాను. అంకుల్ మొదటి ముక్క కళ్లు మూసుకుని తిన్నారు. రెండో ముక్కకి ఆంటీ వైపు చూడలేదు.

మాంసం నిజంగానే వెన్నలా ఉంది. అయినా కాసేపటికి మా ఆయన చెయ్యి వేపుడు వైపు వెళ్లింది, ఆ వెనకే అంకుల్ చెయ్యి, నాదీ. రోస్ట్ ముక్క మీద వేపుడు వేసుకుని తింటే ఇంకా బాగుందని మా ఆయన ప్రకటించాడు.

"నాది నాకు ఉంచండి నాయనా" అంటూ ఆంటీ గిన్నె తన వైపు లాక్కున్నారు. అప్పటికే అందులో అడుగున నాలుగు దుంప ముక్కలూ కాస్త కరివేపాకూ మాత్రమే మిగిలాయి.