పదిహేడో నంబరు టోకెన్

జూన్ రెండో సోమవారం, ఉదయం ఏడూ నలభైకి నర్సీపట్నం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగాను. చేతిలో ట్రంకుపెట్టె, భుజాన పాత కిట్ బ్యాగు. అప్పటికే చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఎయిర్‌ఫోర్స్‌లో ఇరవై ఏళ్ళు విమానాల ఫిట్టర్‌గా చేసి సార్జంటుగా బయటికొచ్చినవాణ్ణి. ఎడారిలో చేశాను, మంచులో చేశాను. మా పాయకరావుపేటలో ఎవరు కలిసినా ఆ కథలే అడుగుతారు. వాటిలో దాచుకోవలసింది ఏమీ లేదు. నన్ను తినేస్తున్న పోస్టింగ్ నర్సీపట్నంది. అక్కడ శత్రువు లేడు, తుపాకీ లేదు. ఉన్నది ముప్పైమంది పిల్లలు, ఎగరని ఒక విమానం.

ఊరి చివర, జీడితోటల పక్కన ఒక ప్రైవేటు కాలేజీ. విమానాల మెయింటెనెన్సు నేర్పే రెండేళ్ళ కోర్సు. రేకుల షెడ్డు వేసి, దానికి హ్యాంగర్ అని బోర్డు పెట్టారు. లోపల వేలంలో కొన్న రెండు సీట్ల పాత ట్రైనర్ విమానం. ఎడమ టైరులో గాలి లేదు. స్టాండు మీద ఒక ఇంజను. ప్రిన్సిపాల్ గారు మెత్తటి మనిషి. నాకు కాఫీ ఇప్పించి, "పిల్లలు బంగారమండీ. క్రమశిక్షణే కాస్త తక్కువ. ఒక బ్యాచ్‌ని మీరు తయారుచేసి బయటికి పంపితే చాలు, మన కాలేజీ నిలబడుతుంది" అన్నారు. రెండేళ్ళు. నేను దాన్ని ఆర్డరుగానే తీసుకున్నాను.

ఎనిమిదిన్నరకి అందరినీ వరసలో నిలబెట్టాను. నల్లబోర్డు మీద నా చేత్తో ఐదు నియమాలు రాశాను. మూడోది, నేను మాట్లాడుతున్నప్పుడు హ్యాంగర్‌లో రెండో గొంతు వినపడకూడదు. ఐదోది, తప్పు చేసినవాళ్ళు తమంతట తామే చెప్పేస్తే శిక్ష ఉండదు. మొదటి రెండూ ఓవరాల్స్ గురించీ, గాజులూ ఉంగరాలూ తియ్యడం గురించీ; నాలుగోది పనిముట్ల లెక్క గురించి. రెండేళ్ళూ ఆ బోర్డు చెరపనివ్వలేదు.

పనిముట్ల విషయంలో మాత్రం నేను రాక్షసుణ్ణి. హ్యాంగర్ చివర స్టోర్ గది గోడకి పెద్ద చెక్క బోర్డు కొట్టించి, ఒక్కో పనిముట్టు ఆకారం ఎర్ర రంగుతో గీయించాను. నలభై రెండు పనిముట్లు, నలభై రెండు కొక్కేలు. ఒక్కో విద్యార్థికీ నంబరు కొట్టిన ఇత్తడి టోకెన్లు. ఏది తీసుకుంటే ఆ కొక్కేనికి తన టోకెన్ తగిలించాలి, తిరిగి పెట్టినప్పుడు తీసుకోవాలి. సాయంత్రం నాలుగుంపావుకి స్టోర్ కీపర్ లెక్క చూడాలి. ఎందుకింత అంటే, విమానంలో మర్చిపోయిన ఒక్క స్పానర్ చాలు, గాల్లో కంట్రోలు తీగల మధ్య ఇరుక్కుని మనుషుల్ని చంపేస్తుంది. ఇది నిజం. ఇప్పటికీ ఈ మాట వెనక్కి తీసుకోను.

చెరుకు రైతుల పిల్లలు, వరి రైతుల పిల్లలు. "ఇదేటండి?" అని అడిగితే, "ఏటి కాదు, ఏమిటి. హైదరాబాద్‌లో నవ్వుతారు" అనేవాణ్ణి. నా సొంత యాస ఇరవై ఏళ్ళలో అరిగిపోయింది. వాళ్ళది కూడా అరగదీయడం నా డ్యూటీ అనుకున్నాను. దాంతో కొందరు అడగడమే మానేశారు. అది క్రమశిక్షణ అనుకుని మురిసిపోయాను, వెధవని.

పదిహేడో నంబరు సువార్త. కృష్ణదేవిపేట నుంచి రోజూ షేర్ ఆటోలో వచ్చేది. తండ్రి అక్కడ టైలరు, తల్లి జీడిపప్పు షెడ్డులో పని. ఆ అమ్మాయి చేతులు చూసి నాకే ఈర్ష్య పుట్టేది. బోల్టులు ఊడిపోకుండా వాటిని సన్నటి తీగతో మెలివేసి కడతాం. మూడేళ్ళ సర్వీసున్నవాడికి కూడా ఆ మెలి వంకర పోతుంది. సువార్త వేస్తే జడ అల్లినట్టు ఉండేది. నేను మెచ్చుకుంటే తలదించుకుని "అలాగేనండి" అనేది. అంతే, ఇంకో మాట ఉండేది కాదు.

రెండో ఏడు నవంబరులో కబురు వచ్చింది. హైదరాబాద్‌లో విమానాలు బాగుచేసే ఒక కంపెనీ మా దగ్గర నుంచి ఆరుగురిని అప్రెంటిస్‌లుగా తీసుకుంటానంది. కాలేజీకి అదే మొదటి కంపెనీ. పేర్లు సోమవారం పదింటికల్లా పంపాలి. ఆరుగురిలో సువార్తది రెండో పేరు. ఆ సంగతి తనకి తెలుసు. బుధవారం నా టేబుల్ దగ్గరికొచ్చి, "అక్కడ ఆడపిల్లలకి హాస్టల్ ఉంటాదేటండి?" అని అడిగింది. యాస కూడా దిద్దలేదు నేను. ఉంటుందన్నాను. పళ్ళు కనపడేలా నవ్వింది.

గురువారం తెల్లారినప్పటి నుంచీ వాన. పదకొండూ ఇరవై. సువార్త ఇంజను స్టాండు దగ్గర ఉంది. పొడుగాటి కడ్డీ చివర రూపాయి బిళ్ళంత అద్దం ఉండే పనిముట్టు ఒకటి ఉంటుంది. కంటికి అందని చోట పగుళ్ళు ఉన్నాయేమో చూడటానికి వాడతాం. దాన్ని ఇంజను వెనక్కి పోనిచ్చి చూస్తోంది. కోణం నాకు నచ్చలేదు. "అలా కాదు, ఇటివ్వు" అని చేతిలోంచి తీసుకుని చూపిస్తున్నాను. నడుముకున్న వాకీటాకీ మోగింది, ఆఫీసు నుంచి.

"హ్యాంగర్, ఆఫీస్. సార్, బేగి రండి. గెస్టులొచ్చీసేరు."

"ఆఫీస్, హ్యాంగర్. వస్తున్నా."

వానలో పరుగెత్తాను. ఆ తరువాత అద్దం మాటే నా బుర్రలో లేదు.

నాలుగుంపావు. లెక్క.

"హ్యాంగర్, స్టోర్. నలభై ఒకటి సార్. ఒకటి తగ్గింది." స్టోర్ కీపర్ గొంతు.

"ఏది?"

"అద్దమండి. పదిహేడో నంబరు టోకెన్ వేలాడతంది."

రేకుల మీద వాన హోరు. అరిస్తే గానీ వినపడదు. వాన లేకపోయినా అరిచేవాణ్ణే.

"పదిహేడు! అద్దం ఏది?"

"ఇచ్చీసేనండి" అంది సువార్త.

"ఎవరికి?"

నావైపు చూసింది. చూపు కిందికి దించింది.

"స్టోర్ కీపర్! నీకిచ్చిందా?"

"లేదు సార్. నాకివ్వలేదు."

"విన్నావా? టోకెన్ అబద్ధం చెప్పదు. వెతకండి!"

అందరిచేతా వెతికించాను. విమానం కింద, ఇంజను స్టాండు కింద, బయట బురదలో. ఐదైంది, ఆరైంది. లెక్క తేలేదాకా ఎవరూ గేటు దాటడానికి లేదు, అది నాలుగో నియమం. కృష్ణదేవిపేట వైపు ఆటోలు చీకటి పడితే దొరకవు. పిల్లలు గొణగడం మొదలుపెట్టారు. క్లాస్ లీడర్ సువార్త పక్కకెళ్ళి, "ఒప్పీసుకోవే బాబూ. అందరం ఉండిపోయేం కదా. ఒప్పుకుంటే ఏటీ అనరు, బోర్డు మీద ఉంది కదా" అనడం నాకు వినపడింది.

ఆరూ ఇరవైకి సువార్త ముందుకొచ్చింది. "నేనే పోగొట్టేనండి" అంది.

నాకు తృప్తి కలిగింది. దాచను, నిజంగానే తృప్తి కలిగింది. నా ఐదో నియమం పనిచేసింది అనుకున్నాను. మాట ప్రకారం శిక్ష వేయలేదు. కానీ ఆఫీసుకెళ్ళి లిస్టులో రెండో పేరు మీద ఎర్రగీత గీశాను. అడిగితే ఇది శిక్ష కాదు, జాగ్రత్త అని చెప్పడానికి మాట కూడా సిద్ధం చేసుకున్నాను.

శనివారం సాయంత్రం ఇంటికొచ్చాను. ఆదివారం ఉదయం, గురువారం వానలో తడిసి విప్పేసిన నా ఓవరాల్స్ ఉతకడానికి తడుపుతూ మా ఆవిడ పెరట్లోంచి కేకేసింది. "ఏటండోయ్! ఈ వయసులో జోబులో అద్దం పెట్టుకుని తిరగతన్నారేటి? ఎవర్తికి సోకు సూపించడానికి?"

కాలి జేబులోంచి కడ్డీ పైకి తీసి ఊపుతోంది, నవ్వుతోంది. ఇటివ్వు అని తీసుకున్నది నేను. జేబులో దోపుకుని పరుగెత్తింది నేను. 'ఇచ్చీసేనండి' అంటే నాకు ఇచ్చేశానని. ముప్పైమంది ముందు ఆ పిల్ల నిజమే చెప్పింది. ఎవరికి అని నేనే గద్దించాను.

సోమవారం పదింటి దాకా టైముంది. పేరు మళ్ళీ రాయడానికి ఒక్క నిమిషం పని. బస్సులో గంటన్నరా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. 'తప్పు నాది' అన్న రెండు మాటలే. కానీ హ్యాంగర్‌లో అడుగుపెట్టేసరికి ఎదురుగా నల్లబోర్డు, నా దస్తూరీ. ముప్పైమంది ముందు సార్జంటు ఏమవుతాడు? రేపటి నుంచి నా లెక్కకి విలువేముంటుంది? ఏడున్నరకి, ఎవరూ రాకముందు, అద్దాన్ని కొక్కేనికి తగిలించాను. పదిహేడో టోకెన్ తీసి ఆ అమ్మాయి డ్రాయర్లో వేశాను.

తొమ్మిదీ నలభైకి ప్రిన్సిపాల్ గారు లిస్టు పట్టుకొచ్చారు. "అద్దం దొరికిందటగా? ఆ అమ్మాయి పేరు పెట్టేద్దామా మరి?"

ఇంతకన్నా తేలిక చేసి ఎవరడుగుతారు? నోరు తెరిస్తే చాలు.

"దొరికిందండీ" అన్నాను. "అయినా ఒప్పుకుంది కదా. వద్దులెండి."

ఆరో పేరు నక్కపల్లి కుర్రాడిది రాశాం. పది కాకుండానే మెయిలు వెళ్ళిపోయింది.

సువార్త వచ్చింది. బోర్డు మీద అద్దం చూసింది, నన్ను చూసింది, ఓవరాల్స్ తొడుక్కోడానికి వెళ్ళిపోయింది. స్టోర్ కీపర్ నా చెవిలో, "సూసేరా సార్? భయపడిపోయి ఎవరూ సూడకుండా తెచ్చి తగిలించీసింది. గట్టి గుంటే" అన్నాడు. నేను తలాడించాను. ఔను, తలాడించాను. ఆ మాట మధ్యాహ్నానికల్లా క్లాసంతా పాకింది. ఎవరూ తనతో కలిసి అన్నం తినలేదు. మూడు వారాలు వచ్చింది. తరువాత రావడం మానేసింది. అటెండెన్స్ రిజిస్టర్లో ఆబ్సెంట్ గుర్తులు రోజూ నేనే పెట్టేవాణ్ణి.

మే నెలలో బ్యాచ్ బయటికెళ్ళింది. ఆరుగురూ హైదరాబాద్‌లో చేరారు. ప్రిన్సిపాల్ గారు నాకు శాలువా కప్పారు. శాలువా తీసి కుర్చీ మీద పెట్టి, అప్పుడు చెప్పాను ఆయనకి, అంతా. "అప్పుడే చెప్పుంటే..." అని ఆగిపోయారు. కంపెనీకి నిజం రాశాం. ఖాళీలు లేవు, మళ్ళీ తీసుకున్నప్పుడు చూస్తాం అని జవాబు. స్టోర్ తాళాలు అప్పజెప్పి, నేను చేసింది ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి, కృష్ణదేవిపేట ఆటో ఎక్కాను.

జీడిపప్పు షెడ్డు బయట వేపనీడలో దొరికారు తల్లీ కూతుళ్ళు. సువార్త లేచి నిలబడింది. వేళ్ళు జీడిగింజల జిడ్డుతో నల్లబడి ఉన్నాయి.

"అద్దం నా జేబులోనే ఉందమ్మా" అన్నాను.

"తెల్సండి."

"ఆ రోజు నాకిచ్చానని నోరు తెరిచి ఎందుకు చెప్పలేదు తల్లీ?"

"సెప్పేను కదండీ, ఇచ్చీసేనని. ఎవరికని మీరడిగేరు. మీ జోబు కేసి సూసేను. కడ్డీ కొస కనపడతనే ఉంది. మీరు సూళ్ళేదు." చేతులు తుడుచుకుంటూ అంది, "అందరి ముందూ మీకే ఇచ్చేనని ఎలా అంటానండి? రెండో గొంతు ఇనపడకూడదని మీరే రాసేరు కదా."

కాగితం అందించాను. చదివి, మడిచి, తిరిగి నా చేతిలోనే పెట్టింది. "అమ్మకి సదివి ఇనిపించండి. సామాను పోగొట్టీసి ఉజ్జోగం పాడుచేసుకున్నావని ఇన్నాళ్ళూ నన్నే తిడతంది."

చదివాను. నా తప్పు నేనే, పైకి, ఒక్కో మాటా. తల్లి విన్నంతసేపూ కూతురినే చూసింది. చివర్న నాతో అంది, "మీరు పెద్దోరు. మిమ్మల్ని ఏటంటానండి? నా పిల్లనే అన్నాను, ఇన్నాళ్ళూ." కొంగుతో ముఖం కప్పుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

తిరుగు ప్రయాణం. మధ్యాహ్నం పన్నెండూ పది. ఎండ పేలిపోతోంది. షేర్ ఆటోలో పదిమంది, నేను డ్రైవర్ పక్కన. అతను పెద్దాయన, మీసాలన్నీ తెల్లబడ్డాయి. ఇంజను స్టార్టయింది. నన్ను రోడ్డు దాకా సాగనంపడానికొచ్చిన సువార్త ఒక్కసారిగా ఆటోకి అడ్డం వచ్చింది. రెండు చేతులూ చాపింది.

"ఆపు మావా! ఎనక చక్రానికి నట్టు లేదు. ఇంకోటి ఊగిపోతంది!"

"తప్పుకోయే! రోజూ తిరుగుతున్న బండే ఇది."

"బిగించేదాకా కదలడానికి లేదు. స్పానర్ తియ్!"

వెనక కూర్చున్నవాళ్ళు గోలపెట్టారు. "టైమైపోతంది, ఎవర్తివే నువ్వు?" అని ఒకాయన కసిరాడు. అంగుళం కదల్లేదు. "పడితే సచ్చేది మీరే, నేను కాదు! దిగండి అందరూ!" వీధి మొత్తం వినపడేంత గొంతు. ఆ గొంతు ఆ అమ్మాయికి ఉందని రెండేళ్ళలో నాకు తెలియదు. పెద్దాయన గొణుక్కుంటూ స్పానర్ తీశాడు. అందరూ దిగారు. సువార్త రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని, నల్లటి వేళ్ళతో నట్లు ఒక్కొక్కటే తడిమి బిగించడం మొదలుపెట్టింది.

సాయం చేద్దామని నేను వంగాను. చెయ్యి చాపి, "ఇటివ్వమ్మా" అన్నాను.

చేతిలో పని ఆగిపోయింది. తల దించుకుంది. నాకు మాత్రమే వినపడేంత మెల్లగా, "అలాగేనండి" అని స్పానర్ నా చేతిలో పెట్టి, లేచి రెండడుగులు వెనక్కి వెళ్ళి నిలబడింది.