కట్ట కాడి మార్తమ్మ

చేవెళ్ల నుంచి మొయినాబాద్ వచ్చే బస్సులో జరిగింది. మూడు రోజుల ఉపవాస ప్రార్థనల్లో పాటలు నడిపించి నా గొంతు బొంగురుపోయింది. బైబిలు తెరిచే ఓపిక కూడా లేక, ఫోనులో దించుకున్న రేడియో కార్యక్రమం పెట్టుకొని కళ్లు మూసుకున్నాను. ఈ చుట్టుపక్కల పల్లె చర్చి సంఘాల చరిత్రను పాత రికార్డింగులతో చెబుతున్నారు. ఎప్పటిదో ఒక ఆదివారపు ఆరాధనలో సంఘ పెద్ద రోగుల పేర్లు చదివి ప్రార్థిస్తున్నాడు.

పక్క సీటులోని ముసలామె నా మోచేయి పట్టుకుంది.

"గదే జర మళ్ల పెట్టు బిడ్డా."

వెనక్కి జరిపి పెట్టాను. "కట్ట కాడి మార్తమ్మ, దగ్గు జబ్బు. ప్రభువా, కనికరించు."

"గామె మా అవ్వ, నన్ను కన్న తల్లి," అంది. "టీబీ అని మమ్ముల చర్చిలకు రానియ్యలే. అందరు మనల్ని మర్సిపోయిన్రని సచ్చేదాక ఒకటే ఏడుపు. నేను గూడ మళ్ల చర్చి మెట్లెక్కలే."

"ప్రార్థన చేసిన్రు కదవ్వా," అన్నాను.

"చేసిన్రు. ఇంటికొచ్చి ఒక్కరన్న చెప్పకపోయిన్రు గద."

మొయినాబాద్ దాకా ఆమె అడిగినప్పుడల్లా ఆ పేరు వినిపించాను.

ప్రభువు ఆ ప్రార్థన విన్నాడని నేను నమ్ముతాను. మార్తమ్మ మాత్రం వినలేదు.

మా సంఘంలో రోగుల పేర్లు చదివేది నేనే. ఆ రోజు నుంచి ఎంత అలసిపోయినా, ఆరాధన అయ్యాక ఆ ఇళ్లకు నడిచి వెళ్తాను. గడప దగ్గరే నిలబడి, "ఇయ్యాల చర్చిల మీ పేరు చదివినం," అని చెప్పి వస్తాను.