మూడింటిదాకా కొవ్వొత్తి

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. మా మేస్త్రికి కాగితం మీద గౌరవం లేదు. "రాసుడేంది సార్, పూసుడు ముఖ్యం" అనేవాడు. కానీ ఆయన పోయాడన్న సంగతి నాకు తెలిసిన తీరు ఇంకా నన్ను వదలడం లేదు. ఏటా ఎండలు ముదరకముందే అంబర్‌పేట్ నుంచి వచ్చి, మా డాబా మీది గది రేకులకు చల్లదనం కోసం సున్నం పూసి వెళ్లేవాడు. ఈసారి రాలేదు. ఫోను చేసి, "ఏం మేస్త్రీ, మమ్మల్ని మరిచినవా?" అని గద్దించాను. అటు ఎత్తింది ఆయన భార్య. "ఆయన లేడు సార్. తొమ్మిది దినాలైంది" అంది.

మాది అశోక్‌నగర్‌లో పాత ఇల్లు. పై గదిని సర్కారు కొలువులకు చదివే పిల్లలకు కిరాయికిస్తాను. నేను నాలుగో తరగతి దాటలేదు. చిక్కడపల్లిలో పాత పుస్తకాలు కొని చదివి, గాలివెలుతురుల గురించి ఎవరికైనా పాఠం చెప్పగలనని నమ్మినవాణ్ని. అంత చదివీ, పావురాలు గూళ్లు పెడుతున్నాయని ఆ గది వెంటిలేటర్లకు ఇటుకలు పెట్టించి మూసేశాను. మా ఎదురింటాయన పావురాలను బెదిరించడానికి ప్లాస్టిక్ గద్దను వేలాడదీస్తే అవి దాని వీపు మీదే కూర్చున్నాయి. సరే, అది వేరే కథ.

మూడేళ్ల కింద, మే నెలలో, ఆ గదిలో ఉండే నల్గొండ అమ్మాయి పుస్తకం మీదే సొమ్మసిల్లింది. పరుగున నీళ్లు తెచ్చిచ్చాను. ఏసీ పెట్టిస్తాను, కిరాయి పెంచుతాను అన్నాను. నీళ్లు తాగి తేరుకున్న అమ్మాయి, "గట్లయితే నేను ఊరికి పోత తాతా. పరీక్ష ఇరవై దినాలే ఉంది" అంది. ఊళ్లో చదువు సాగదని ఇద్దరికీ తెలుసు.

కింద గోడకు అతుకు వేస్తున్న మేస్త్రి తాపీతోనే పైకొచ్చాడు. గదంతా చూశాడు.

"పావురాల మీద కోపంతోని పిల్ల ఊపిరి మూసిన్రా సార్? జర నాలుగు దినాలు ఆగున్రి. అప్పటికీ కాకుంటే మీ ఏసీ నేనే మోసుకొస్త."

ఇటుకలు కొట్టేసి జాలీ బిగించాడు. రేకుల కింద జానెడు సందు వదిలి వెదురు తడక కట్టాడు. రేకుల మీద పూయడానికి డ్రమ్ములో సున్నపురాళ్లు నానబోశాడు. అవి కుతకుతలాడుతుంటే నేను కర్ర పెట్టబోయాను. చెయ్యి పట్టి లాగేశాడు. "తొందరపడ్డోన్నే సున్నం కాలుస్తది సార్."

ఆయనకొక పద్ధతి ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నం గది మధ్యలో కొవ్వొత్తి నిలబెడతాడు, వెలిగించడు. మూడింటిదాకా వేడికి మెత్తబడి పడిపోకుండా నిలబడితే ఆ గదిలో మనిషి ఉండొచ్చు. పని మొదలుపెట్టిన రోజు అది ఒంటిగంటకే సాష్టాంగపడింది.

ఐదో రోజు పన్నెండింటికి కొత్తది నిలబెట్టాడు. ముగ్గురం గోడకానుకుని కూర్చున్నాం. అమ్మాయి సంచి సర్దుకుని పక్కనే పెట్టుకుంది. ఒంటిగంట అయింది. రెండయింది. మేస్త్రి కొవ్వొత్తిని చూడడం లేదు, ఆ సంచినే చూస్తున్నాడు. రెండున్నరకు కొవ్వొత్తి తల కాస్త వాలింది.

"వంగింది" అన్నాను.

"ఓనర్ సాబ్ కూసున్నడు గద, నమస్తే పెడుతున్నది."

నవ్వు ఎవరికీ రాలేదు. మూడయింది. అది అంతకుమించి వాలలేదు. అమ్మాయి సంచి విప్పింది.

తర్వాత ఎప్పుడొచ్చినా ముందు పైకెళ్లి, చెప్పులు విప్పి, ఆ గది నేల మీద కాసేపు ఊరికే నిలబడేవాడు. కింద ఆయన టీ చల్లారిపోయేది. "చల్లటి ఇల్లు పైసలున్నోళ్లకే అన్నోడు ఎన్నడూ కుంచె పట్టలే" అనేవాడు.

నిరుటి వానలకు సున్నం కొట్టుకుపోయి రేకులు నల్లబడ్డాయి. అమ్మాయి ఇంకా ఆ గదిలోనే ఉంది. రాసిన పరీక్ష రద్దయింది, మళ్లీ పెట్టేది వచ్చే నెల. ఫోను చేసిన మర్నాడు కొవ్వొత్తి నిలబెట్టి చూశాం. రెండు కాకముందే పడిపోయింది. అమ్మాయి కుర్చీ తెచ్చుకుని మా మెట్ల కింద నీడలో కూర్చుంది.

"ఏమనుకోకున్రి తాతా. ఇట్లయితే ఊరికి పోవాల్సొస్తది."

"జర నాలుగు దినాలు ఆగు" అన్నాను. ఆ మాట నాది కాదని ఇద్దరికీ తెలుసు.

సున్నపురాళ్లు నానబోశాను. కుతకుత ఆగేదాకా ముట్టుకోలేదు. నిన్న పొద్దున నీళ్ల ట్యాంకు నిచ్చెనెక్కి, పొడుగు కర్రకు కుంచె కట్టి రెండు పూతలు పూశాను. నిచ్చెన అమ్మాయి పట్టుకుంది. ఇవాళ మధ్యాహ్నం నిలబెట్టిన కొవ్వొత్తిని మూడింటికి ఇద్దరం పైకెళ్లి చూశాం. తర్వాత ఆమె కిందికొచ్చి తన కుర్చీ పైకి తీసుకెళ్లింది.