కుడితి తొట్టిలో ఐసు వైద్యం

ఫోన్లో ఇంటర్నెట్టు మంచినీళ్ళకంటే చవగ్గా దొరకడం మొదలైన ఆ రోజుల్లో, గురజాల చుట్టుపక్కల డిగ్రీ అయిపోయి ఉద్యోగం రాని కుర్రాళ్ళందరం రెండే పనులు చేసేవాళ్ళం. తెల్లవారగానే కానిస్టేబులు ఉద్యోగం కోసం కాలేజీ గ్రౌండులో పరిగెత్తడం, మిగిలిన పొద్దంతా ఎలా పరిగెత్తాలో వీడియోల్లో చూడడం. మొదటి పనిలో నేను అంతంతమాత్రం. రెండో పనిలో నన్ను మించినవాడు లేడు. ఏ తిండి తింటే ఏ కండ పెరుగుతుందో, ఏ బూటు వేస్తే మోకాలు అరగదో నాకు కంఠతా వచ్చు. (తినేది చద్దన్నమూ, వేసేది మా బావ వదిలేసిన బూట్లూ అన్నది వేరే సంగతి.) అప్పటి నన్ను తలుచుకుంటే జాలి కలగాలి గానీ, ఎందుకో ఎప్పుడూ నవ్వే ముందొస్తుంది.

నేను అంతగా పరిగెత్తడానికి గట్టి కారణమే ఉంది. దాని పేరు మిరపకాయ. మా నాన్నకి నాలుగెకరాల తేజా రకం మిరపచేను. కోతలు మొదలయ్యాయంటే కల్లంలో ఎర్రగా పరిచిన కాయలు, వసారాలో గోతాలు, అన్నంలో, పక్కమీద, చివరికి తలగడ కింద కూడా కారం. బయటివాళ్ళు మా వీధి మలుపు తిరగ్గానే తుమ్ముతారు. మేమేమో ‘పాపం, జలుబు చేసినట్టుంది’ అనుకుంటాం. మా ముక్కులు అంతగా మొద్దుబారిపోయాయి. (ఈ ముక్కు సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.) నాకు ఆ కల్లమంటే పుట్టు చిరాకు. అప్పటికి రెండుసార్లు కానిస్టేబులు పరీక్షకి వెళ్ళి రెండుసార్లూ తిరిగొచ్చాను. మొదటిసారి రాతలో పోయింది, రెండోసారి పరుగులో, అదీ ఆఖరి మలుపులో. మూడోసారి రాతపరీక్ష గట్టెక్కి, గుంటూరులో పరుగుకి పిలుపు వచ్చిన రోజు మా నాన్న అన్నం కలుపుతూ తలెత్తకుండానే తేల్చేశాడు. “ఇదే ఆఖరురా. ఈసారి గూడా రాకపోతే బుద్ధిగా కల్లానికి రా. తాలుకాయలు ఏరుకుందువు గానీ.”

ఆ మాట నా గుండెలో దిగబడింది. దాంతో పరుగు ఇంకో మూడు రోజులుందనగా, భయం కొద్దీ పొద్దునా సాయంత్రం మాచర్ల రోడ్డు పట్టుకుని విరగబడి పరిగెత్తాను. ఫలితం మర్నాడు తెలిసింది. పిక్కలు రాళ్ళయిపోయాయి. తొడలు నా మాట వినడం మానేశాయి. అరుగు దిగాలంటే గోడ పట్టుకుని, వెనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టు దిగాల్సొచ్చింది. పరుగు ఎల్లుండి. మా నాయనమ్మ నా నడక చూసి, “కొత్త కోడి గుడ్డు పెట్టబోయేటప్పుడు ఇట్టాగే నడుస్తది. ఉండు, వావిలాకు కాచి పోస్తాను. రెండు పోతలకి సర్దుకుంటయ్యి” అంది. వావిలాకా! అంత విజ్ఞానం ఫోన్లో పెట్టుకున్నవాణ్ణి, ఆకులు కాచిన నీళ్ళు పోయించుకుంటానా? “అది బాలింతలకి నాయనమ్మా” అని తీసిపారేశాను.

నాకు తోడు మా ‘డాక్టరు’ ఉన్నాడు. వాడు నాతోపాటు పరిగెత్తే స్నేహితుడు. ఇంటరులో బైపీసీ తీసుకుని, కప్పని కొయ్యమన్న రోజున కళ్ళు తిరిగి పడిపోయి చదువు మార్చుకున్నాడు. ఆ పేరు మాత్రం వాణ్ణి వదల్లేదు. వాడు నాకొక వీడియో చూపించాడు. కండలు తిరిగిన ఒక విదేశీ ఆటగాడు ఐసు నిండిన తొట్టిలో నవ్వుతూ కూర్చున్నాడు. కాసేపటికి లేచి వేడినీళ్ళ తొట్టిలోకి దిగాడు. “ఒక నిమిషం చల్లనీళ్ళు, రెండు నిమిషాలు వేడినీళ్ళు. ఇట్టా నాలుగుసార్లు. చల్లదనానికి నరాలు ముడుచుకుంటయ్యి, వేడికి తెరుచుకుంటయ్యి. రక్తం లోపల పంపుసెట్టు ఏసినట్టు తిరుగుద్ది. రేపటికల్లా నువ్వు లేడిపిల్లవి” అన్నాడు డాక్టరు. “మొదట్లో మండుద్దంట. ఓర్చుకోవాలంట. మండితేనే పనిచేస్తన్నట్టు.” ఈ చివరి మాటే నా కొంప ముంచింది.

గురజాల బస్టాండు దగ్గర ఐసు అమ్మే చాచా ఉండేవాడు. చెరుకురసం బండ్లకీ, చేపల బుట్టలకీ ఆయనే దిక్కు. దారిలో కరగకుండా సంచి మీరే తెచ్చుకోవాలని ఆయన నియమం. అందుకని వసారాలో పడున్న గోతాల్లోంచి ఒకటి లాగి, రెండుసార్లు దులిపి (శుభ్రతలో నేను రాజీపడను), మోపెడ్డు ముందు పెట్టుకుని ఇద్దరం వెళ్ళాం. చాచా గోతాం చేతిలోకి తీసుకుని గట్టిగా తుమ్మాడు. “ఏం బేటా, సంచి మంచిదేనా?” అన్నాడు. “మా ఇంట్లోదే చాచా!” అన్నాను, అంతకంటే హామీ ఏం కావాలన్నట్టు. నేను చాచాకి జలుబు చేసిందనుకున్నాను. ఆయన ఐసు దిమ్మని గోతాంలో వేసి, మూతి బిగించి, చెక్క సుత్తితో ఎడాపెడా బాదాడు. ఐసు ముక్కలైంది. గోతాం పోగుల్లో ఆ ఏడాది పంటంతా దాచుకున్న కారం, ఆ దెబ్బలకి బుద్ధిగా బయటికొచ్చి ఐసుకి పట్టుకుంది.

చల్లనీళ్ళకి మా దొడ్లో గేదె కుడితి తొట్టి తప్ప నేను కూర్చునేంత పాత్ర లేదు. దాన్ని కడిగి, బోరు నీళ్ళు నింపి, గోతాం బోర్లించాం. నీళ్ళు కొంచెం ఎర్రబడ్డాయి. గోతాం రంగనుకున్నాను. రెండు మూడు గింజలు తేలాయి. మా ఇంట్లో తాగే నీళ్ళ బిందెలోనే తేలతాయి, అదేం వింత? పక్కన పొయ్యిమీద గంగాళంలో వేడినీళ్ళు సిద్ధం. పాత నిక్కరుతో తొట్టిలో నడుం దాకా దిగాను. ప్రాణం జివ్వుమంది. డాక్టరు ఫోను చూస్తూ అంకెలు లెక్కపెడుతున్నాడు. తన తొట్టిని ఎవడో ఆక్రమించాడని గేదె ఇటే చూస్తోంది. నిమిషం కాగానే లేచి, దించి పెట్టిన గంగాళంలోకి మారాను.

అప్పుడు మొదలైంది. ముందు మోకాళ్ళ వెనక చురుక్కుమంది. తర్వాత తొడలు. తర్వాత మర్యాదస్తులు పైకి చెప్పుకోని చోట్లు. “మండుతోందిరా!” అన్నాను. డాక్టరు మొహం వెలిగిపోయింది. “చూశావా, రక్తం వచ్చేస్తంది! ఓర్చుకో!” రెండు నిమిషాలు పళ్ళు బిగబట్టి ఓర్చుకున్నాను. మళ్ళీ చల్లనీళ్ళలో దిగగానే ఎంత హాయి! మొద్దుబారిపోయి మంట మాయం. చికిత్స అంటే ఇదీ అనుకున్నాను. ఆ హాయిలో కాళ్ళకి ఇంకో పూత కారం పడుతోందని తెలియదు కదా. మళ్ళీ వేడినీళ్ళు. ఈసారి కళ్ళముందు నక్షత్రాలు కనబడ్డాయి. మూడో విడత వేడినీళ్ళలో నేను నిలబడలేదు, గంతులేశాను. నా కేకలకి వీధివాళ్ళు దడిమీంచి తొంగిచూశారు. “ఒరేయ్ డాక్టరూ, ఇది ఎక్కువగా పనిచేస్తోందిరా!” అని అరిచానట. ఆ సంగతి నాకు గుర్తులేదు, వీధివాళ్ళకి ఇప్పటికీ గుర్తుంది.

ఇంతలో తొట్టి ఖాళీ అయిందని గేదె వచ్చి మూతి పెట్టింది. ఒక్క గుటక వేసిందో లేదో, బుస్సుమని తుమ్మి, నాలుగడుగులు వెనక్కి వేసి, మా అందరినీ అసహ్యంగా చూసింది. నాయనమ్మ వచ్చి నీళ్ళలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. ఒక్క క్షణం ఆగి నెత్తి కొట్టుకుంది. “ఓరి నీ దుంపతెగ! ఐసు మంటా, కారం మంటా తెలీదంట్రా నీకు? మిరపచేలో పుట్టి!”

కారం నీళ్ళకి పోదు, నూనెకే పోతుందని మా ఊళ్ళో కాయలు కోసే ప్రతి ఆడమనిషికీ తెలుసు. వీడియోలో లేదు గనక నాకు తెలియదు. నాయనమ్మ నువ్వులనూనె సీసాడూ నాచేత ఒంటికి పట్టించి, సున్నిపిండితో రుద్దించి, ఆపైన రాత్రికి తోడుపెట్టుకున్న పెరుగంతా పూసుకోమంది. మంచం మీద తెల్లగా, పెరుగువడలాగా పడుకున్నాను. మంట తగ్గుతుంటే ఏడుపొచ్చింది. “ఇంకా మంటగా ఉందా నాయనా?” అంది నాయనమ్మ. “మంట కాదు. ఎల్లుండి పరిగెత్తలేను నాయనమ్మా. అయిపోయింది” అన్నాను. నిజంగానే అయిపోయిందనుకున్నాను. మూడేళ్ళ పరుగు ఒక గోతాంలో కొట్టుకుపోయిందనుకున్నాను.

పొద్దుగూకి మా నాన్న కల్లం నుంచి వచ్చాడు. సంగతి వీధి మొదట్లోనే విన్నట్టున్నాడు. “కల్లానికి రానంటివి. కల్లమే నీ కాడికొచ్చింది” అన్నాడు. నవ్వలేదు. దొడ్లోకి పోయి చేతులకి నూనె రాసుకుని కడుక్కున్నాడు. వాసన చూసుకున్నాడు. మళ్ళీ రాసుకుని మళ్ళీ కడుక్కున్నాడు. మళ్ళీ వాసన చూసుకున్నాడు. అప్పుడొచ్చి మంచం మీద నా కాళ్ళ దగ్గర కూర్చుని, పిక్కలు ఒడిలో పెట్టుకుని మెల్లగా పిసకడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు తప్ప ఆయన నన్ను అలా ముట్టుకున్నట్టు నాకు గుర్తులేదు. లేచేటప్పుడు అన్నాడు: “పో, పరిగెత్తు. మిరపకాయకి నువ్వు చానా పనికిమాలినోడివని తేలిపోయిందిగా. పోలీసన్నా అవ్వు.”

మర్నాడు నాయనమ్మ రెండు పూటలా వావిలాకు నీళ్ళు పోసింది. బాలింతల మాట ఎత్తకుండా పోయించుకున్నాను. ఆ తర్వాతి రోజు గుంటూరు గ్రౌండులో ఎండకి చెమట పట్టగానే, చర్మంలో మిగిలిపోయిన కారం కాస్తా నిద్రలేచింది. మిగతావాళ్ళు వరుసలో చతికిలబడి కాళ్ళు చాపుకుంటే నేనొక్కణ్ణే కుదురు లేకుండా అటూఇటూ తిరిగాను. ఈల వేశారు. పరిగెత్తాను. పోయినసారి నేను పడిపోయిన ఆఖరి మలుపు దగ్గర పడిపోవాలన్న ఆలోచనే రాలేదు. గీత దాటాక కూడా, చాలు ఆగమని వాళ్ళు అరిచేదాకా పరిగెడుతూనే ఉన్నాను.

ఉద్యోగం వచ్చింది. వచ్చాక తెలిసింది, అది నాకు నా వల్ల రాలేదని. “మా తేజా కాయ ఘాటు అట్టాంటిది” అని మా నాన్న మిర్చి యార్డులో కనబడ్డవాళ్ళందరికీ చెప్పాడు. వావిలాకు మహిమ అని నాయనమ్మ. చల్లనీళ్ళు, వేడినీళ్ళ సిద్ధాంతం రుజువైందని డాక్టరు. పరిగెత్తింది నేనన్న సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు.

డాక్టరు ఇప్పుడు నరసరావుపేటలో జిమ్ము నడుపుతున్నాడు. ఈమధ్య తిరునాళ్ళ బందోబస్తులో వరసగా మూడు రోజులు నిలబడి, కాళ్ళు పీక్కుపోయి వాడి దగ్గరికి వెళ్ళాను. వాడిదగ్గర చల్లనీళ్ళకొకటి, వేడినీళ్ళకొకటి తెల్లటి ఫైబరు తొట్లు, మిషను చేసిన ఐసు, నీళ్ళ వేడి చూపించే మీటరు అన్నీ ఉన్నాయి. దిగబోతూ, నాకు తెలియకుండానే వంగి ఐసు వాసన చూశాను. వాడు పడీపడీ నవ్వాడు. దిగాను. చక్కటి, శుభ్రమైన చల్లనీళ్ళు. కారం లేదు, గేదె లేదు. అర నిమిషం తిరక్కుండానే కుయ్యోమని బయటికి దూకాను.

“ఏందిరా ఇది?” అన్నాడు వాడు తువ్వాలు అందిస్తూ. “ఆరోజు నిప్పులమీద ఉన్నట్టుండి గూడా మూడుసార్లు దిగావు. ఇప్పుడు ఉత్త నీళ్ళకే అరుస్తన్నావు!”

“అప్పుడు నాకు ఉద్యోగం కావాలిరా” అన్నాను.

నేను బొజ్జమీద తువ్వాలు చుట్టుకుంటూ, కుడితి తొట్టి పక్కన గంగాళంలో పళ్ళు బిగబట్టి నిలబడ్డ ఆ బక్కపలచటి కుర్రాణ్ణి తలుచుకున్నాను. మండుతోందంటే మంచే జరుగుతోందని ఎంత నమ్మాడో వెర్రివాడు! వేడినీళ్ళ తొట్టిలోకి మాత్రం దిగి, హాయిగా, చాలాసేపు కూర్చున్నాను.