తల ఊపితే చాలు

డెబ్బైల్లో ఉప్పెన వచ్చి ఊళ్లు తుడిచిపెట్టాక, బాపట్ల నుంచి రేపల్లె దాకా సముద్రం పక్క పల్లెల్లో చనిపోయినవాళ్ల జాబితా రాయడానికి తెనాలి నుంచి ఇద్దరు గుమాస్తాలం వెళ్లాం. నా దస్తూరీ ముత్యాల్లా ఉండేది. నాతో వచ్చినాయనది కోడి గెలికినట్టుండేది. అయినా జనం ఆయన చుట్టూనే మూగేవాళ్లు. నాకు ఒళ్లు మండేది.

పశువుల నష్టం రాయమంటే, ఆయన కాగితం వెనక చచ్చిన కొంగల్నీ, ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేళ్లనీ కూడా రాసేవాడు. తాసిల్దారు ముందు ఆ వెనకవైపే చదివేవాడు.

ఒకరోజు చేపలమ్ముకునే ఒకామె నా ముందు కూర్చుంది. ఇంట్లో తనొక్కతే మిగిలింది.

“మీ ఆయన పేరేంటమ్మా?” అని మూడుసార్లు అడిగాను.

మొగుడి పేరు నోటితో ఎలా చెబుతుంది? తల దించుకుంది. నేను విసుక్కుని ‘పేరు తెలియదు’ అని రాసేశాను.

ఆమె లేచి ఆయన దగ్గరికి వెళ్లింది. ఆయన కలం కింద పెట్టాడు.

“నువ్వు చెప్పొద్దులే చెల్లెమ్మా. నేను చెబుతా, తల ఊపు. రామయ్యా? వెంకన్నా? పోలయ్యా?”

అలా ఒక్కో పేరే అడుగుతూ పోయాడు. ముప్ఫయ్యో నలభయ్యో పేరు దగ్గర ఆమె తల ఊపి, బావురుమంది. అన్నిరోజుల్లో నా ముందు ఎవరూ అలా ఏడవలేదు. ఆయన చూడకుండా నా కాగితంలో ఆ పేరు దిద్దుకున్నాను.

ఇంత రాసి ఆయన పేరు చెప్పలేదేమని అడుగుతారు. నా నోటితో చెప్పను. మీరే ఒక్కో పేరూ చదవండి, తల ఊపుతాను.