ఇవ్వని హోస్ పైపు

గోడౌన్లలో బరువులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బళ్ళు తయారుచేసే రెండు కంపెనీలు ఒకదాని మీద ఒకటి పళ్ళు నూరుకుంటున్న రోజుల్లో, వాటి మెకానిక్‌లం మేమిద్దరం కొత్తపేటలో ఒకే కొట్టు దగ్గర టీ తాగేవాళ్ళం. నాది ఎల్బీనగర్‌లో ఒక డీలర్ దగ్గర ఉద్యోగం, అతనిది దిల్‌సుఖ్‌నగర్‌లో పోటీ డీలర్ దగ్గర. నాకంటే చిన్నవాడు, పనిలో మాత్రం నాకంటే గట్టివాడు. అత్యవసరమైతే ఆయిల్ సీలో, బండిలో ఆయిల్ పారే హోస్ పైపో ఒకరి దగ్గర ఒకరం బదులు తీసుకుని వారంలో తిరిగి ఇచ్చేసేవాళ్ళం. ఆఫీసుల్లో తెలిస్తే ఇద్దరి ఉద్యోగాలూ ఊడేవి.

ఒక టైల్స్ గోడౌన్ యజమాని ఎనిమిది బళ్ళు కొంటానని రెండు కంపెనీలనూ ఒకే ఉదయం డెమోకి పిలిచాడు. మా బండి బుద్ధిగా బరువెత్తి దించింది. అతని బండి సగం ఎత్తిందో లేదో, హోస్ పైపు పగిలి నేలంతా ఆయిల్ పారింది. అతను నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, పైపుందా? జర ఇయ్యవా."

నా సంచిలోనే ఉంది. మా మేనేజర్ దగ్గర్లో లేడు, భయపడ్డానని చెప్పుకోవడానికి కూడా లేదు.

"లేదు తమ్మీ," అన్నాను.

గెలవాలనిపించింది, అంతే. ఆ పూట సంతోషంగా కూడా ఉన్నాను. ఇప్పుడు అది తలుచుకుంటే అన్నం సహించదు.

ఆర్డరు మాకొచ్చింది. డెమోకి వెళ్తూ స్పేర్ పైపు కూడా పెట్టుకోలేదని వాళ్ళ డీలర్ అతన్ని తీసేశాడు. కర్మన్‌ఘాట్‌లో రిపేరు షెడ్డు పెట్టుకున్నాడని విన్నాను. మొహం చెల్లక వెళ్ళలేదు.

ఏడాది తిరగకుండానే రెండు కంపెనీలూ చేతులు కలిపాయి. పెద్దలు ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు. వాళ్ళ బళ్ళు మా షెడ్డులోకే వచ్చాయి. నిన్నటిదాకా నేను డొక్కు అని తిట్టినవాటినే బంగారం లాంటి బళ్ళని పొగడాల్సి వచ్చింది. తీరా చూస్తే వాటి గేర్‌బాక్స్ నాకు అంతు చిక్కలేదు. వాళ్ళ పాత మెకానిక్‌ని ఉద్యోగంలోకి పిలుచుకు రమ్మన్నాడు మా సారు.

వెళ్ళాను. అతను టీ తెప్పించాడు, గేర్‌బాక్స్ సంగతంతా ఓపిగ్గా చెప్పాడు. ఉద్యోగం మాత్రం వద్దన్నాడు. ఇక ఉండబట్టలేకపోయాను.

"ఆ రోజు పైపు నా దగ్గర్నే ఉండె తమ్మీ."

"ఎరుకనే అన్నా. సంచిల కానొస్తనే ఉండె."

"మరి పైపు అవుసరమైతే ఎప్పుడూ నా దగ్గర్నే తీస్కుంటవని మీ సారుకు ఎందుకు చెప్పలే?"

"చెప్తే నీ నౌకరి గూడ పోతుండె గదా."