ముడి దాటిన దారాలు

నల్ల మొలతాడు దారం తడిస్తే ఒక వాసన వస్తుంది. రంగూ, నూనే, మనిషి చెమటా కలిసినట్టుంటుంది. ఇవాళ పొద్దున్న మా ఆరోగ్య సబ్ సెంటర్ తాళం తీయగానే ఆ వాసనే ఎదురొచ్చింది. నాలుగు రోజుల ముసురుకి వెనక గది గోడ చెమ్మ పట్టింది. ఆ గోడకి వరసగా మేకులు, మేకుకో నల్లదారం, దారానికో పేరు రాసిన చీటీ. కిటికీ మూసే ఉంది, ఫ్యాన్ వేయలేదు. అయినా దారాలు మెల్లగా ఊగుతున్నాయి. ఇన్నేళ్లుగా ఇక్కడే పనిచేస్తున్నా, అవి ఊగడం చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఒప్పుకోడానికి సిగ్గేం లేదు. అలవాటుగా ఒక్కో చీటీ చూసుకుంటూ పోతే మూడో వరసలో ఒక మేకు ఖాళీగా కనిపించింది. దారమూ లేదు, చీటీ లేదు. గ్రేసమ్మ సిస్టర్ నా వెనకాలే నిలబడి ఆ మేకు వైపే చూస్తోందనిపించింది. వెనక్కి తిరగడానికి ధైర్యం చాల్లేదు. ఆవిడ పోయి నాలుగేళ్లయింది.

గ్రేసమ్మ సిస్టర్‌ని మీరెవరూ చూసి ఉండరు. అనకాపల్లి రైల్వే స్టేషన్ వెనక వీధిలో ఉండేది. ఆదివారం చర్చిలో గొంతెత్తి పాటలు పాడేది, మిగతా ఆరు రోజులూ అదే గొంతుతో మమ్మల్ని తిట్టేది. ఈ చుట్టుపక్కల చెరకు పండించే ఊళ్లన్నిటికీ ఆవిడే నర్సు. పొట్టి మనిషి, వేగంగా నడిచేది, సంచిలో ఎప్పుడూ దారం ఉండ ఒకటి ఉండేది. మా మగవాళ్లు చిన్నప్పట్నుంచీ మొలకి కట్టుకుంటారే, ఆ నల్లదారమే. దాంతోపాటు రెండు ముడులున్న దారం ఒకటి మెళ్లో గొలుసులా వేసుకు తిరిగేది. ఎనభై సెంటీమీటర్ల దగ్గర తెల్ల ముడి, అది ఆడవాళ్లకి. తొంభై దగ్గర ఎర్ర ముడి, అది మగవాళ్లకి.

నేను ఉద్యోగంలో చేరిన మొదటి రోజే ఆవిడ నన్ను గోడకి ఆనించి నిలబెట్టింది. వేలితో నా పక్కటెముకల్లో అట్టడుగుది వెతికింది, తరవాత తుంటి ఎముక వెతికింది, రెండింటికీ సరిగ్గా మధ్యన దారం చుట్టింది. "ఊపిరి వదిలెయ్. పొట్ట లోపలికి లాక్కుంటే దెబ్బలు తింటావ్," అంది. దారాన్ని తన ముడుల దారం పక్కన పెట్టి చూసింది. తెల్ల ముడికి వేలెడు దాటింది. నాకు కోపం వచ్చింది. నన్నెవరూ లావు అన్న పాపాన పోలేదు. గోడమీద అంటించి ఉన్న పాత పోస్టర్ చూపించాను. అందులో ఆడవాళ్లకి ఎనభై ఎనిమిది, మగవాళ్లకి నూట రెండు అని అచ్చేసి ఉంది.

"సిస్టర్, దీని ప్రకారం నాకేమీ లేదు కదా!"

"ఆ అంకె ఎవరిదే పిల్లా? ఎక్కడో పెద్ద పెద్ద ఒళ్లున్నోళ్లని కొలిచి రాసుకున్న అంకె. మనోళ్లకి సెయ్యీ కాలూ చెరకు గడల్లాగుంటాయి, ఉన్న కొవ్వంతా పొట్టలోకే చేరుతుంది. ఆళ్లకి నూట రెండు దగ్గర వచ్చే జబ్బు మనకి తొంభైకే వచ్చేత్తాది. ఆళ్ల చొక్కా మనకి పడుతుందేటి?" అంటూనే బ్లేడుతో దారం టక్కున తెంపింది. చీటీ మీద 'సత్యవతి' అని నా పేరు రాసి, అంకె వేసి, మేకుకి తగిలించింది. అంకె చెబితే జనం చెవిన పెట్టరని, ఆర్నెల్ల తరవాత అదే దారం మళ్లీ చుట్టి, కొసలు కలవకపోవడం వాళ్ల కళ్లకే చూపిస్తే నమ్ముతారని ఆవిడ పద్ధతి.

పద్ధతి మంచిదే. కానీ మా ఊళ్లలో నడుం దగ్గర దారం తెంపేది ఎప్పుడో తెలుసు కదా. శవానికి స్నానం చేయించేటప్పుడు మొలతాడు తెంపేస్తారు. బతికున్న మనిషి నడుంకి దారం చుట్టి తెంపి, పేరు రాసి చీకటి గదిలో వేలాడదీస్తే జనం ఏమనుకుంటారు? చిల్లంగి అన్నారు. చేతబడికి మా వైపు ఆ మాటే అంటారు. ఆవిడకి దారమ్మ అని పేరు పెట్టారు. "దారమ్మ వత్తంది!" అని ఒక కేక వినపడగానే ఆడవాళ్లు కొంగు నడుం చుట్టూ బిగించుకునేవారు, తలుపులు మూసుకుపోయేవి. నేను ఆవిడ వెనకాల నడుస్తుంటే వీధంతా నిశ్శబ్దంగా ఉండేది, తలుపు సందుల్లోంచి కళ్లు మాత్రం కనపడేవి. పైగా జరిగినవి కూడా అలాగే జరిగాయి. కోతల రోజుల్లో సిస్టర్ దారం చుట్టిన ఒకాయన చెరకు తోటలోనే గుండె పట్టుకుని కూలిపోయాడు. మరుసటి వారం ఇంకో ఆవిడకి కంటి చూపు మసకేసింది. వెతికి చూస్తే ఇద్దరి పేర్లూ మా గోడమీద ఉన్నాయి. నేను చదువుకున్నదాన్నే, నర్సింగ్ పుస్తకాలు బట్టీ పట్టినదాన్నే. అయినా మధ్యాహ్నం పూట ఒక్కదాన్నే ఆ గదిలోకి వెళ్లేదాన్ని కాదు. వేలాడేది దారాలు కాదు, మనుషులే అనిపించేది.

అలాంటి గోడమీదకి ఒకరోజు మా నాన్న పేరు ఎక్కింది. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను పెంచిందీ, జడలు వేసిందీ, చదివించిందీ నాన్నే. బెల్లం వండడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. ఆ రోజు సిస్టర్ నేరుగా పొయ్యి దగ్గరికే వచ్చింది. పెద్ద పెనంలో పాకం ఉడుకుతోంది, ఆవిరిలో మనుషులు సగం సగమే కనిపిస్తున్నారు. నాన్న నవ్వుతూ చొక్కా ఎత్తి మొలతాడు చూపించాడు.

"సూడు సిస్టరమ్మా, ఏడాదికోసారి మార్చినప్పుడల్లా పాతదాని కొలతకే కొత్తది తెంపుతాను. మా ఆవిడ బతికున్నప్పటి కొలతే ఇది. ఈసమెత్తు మారనేదు. నాకేటి పొట్ట?"

"కొలత మారలేదు బాబూ, చోటు మారింది. తాడు కిందకి జారిపోయింది, పొట్ట దాని మీదెక్కి కూర్చుంది," అంటూ సిస్టర్ పైన, ఎముకల మధ్య దారం చుట్టింది. ఎర్ర ముడి దాటింది. తొంభై మూడు. ఆవిడ బ్లేడు తీయగానే పాకం కలుపుతున్నవాళ్లంతా చేతులు ఆపేశారు. టక్కుమన్న ఆ చప్పుడు పొయ్యి మంటలోంచి కూడా నాకు వినపడింది. "సోమవారం ఏమీ తినకుండా రా, రక్తం చూద్దాం," అని చెప్పి ఆవిడ వెళ్లిపోయింది.

ఇక నాకు అన్నం సహించలేదు. నాన్న చీటీ ఊగుతుంటే చూడలేకపోయాను. శనివారం సిస్టర్ భోజనానికి వెళ్లినప్పుడు ఆ దారం మేకు మీంచి తీసి జాకెట్లో దోపుకున్నాను. ఒంటికి తగిలిన చోట చల్లగా పాములా ఉంది. తిన్నగా బెల్లం పొయ్యి దగ్గరికి పోయి మంటలో వేశాను. కాలిన జుట్టు వాసన లాంటిదేదో వచ్చింది. నాన్నతో మాత్రం నా భయం సంగతి చెప్పలేదు. పోస్టర్ సంగతి చెప్పాను. "నూట రెండు దాకా ఫర్వాలేదంట నాన్నా. సిస్టర్‌ది చాదస్తం. సోమవారం రావక్కర్లేదు."

"నువ్వు సెప్తే అంతే అమ్మలూ. సదువుకున్నదానివి," అన్నాడు.

ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో అలాగే ఉంది. తరవాత నాలుగు నెలలకి వేడి పాకం చింది ఆయన పాదం మీద పడింది. పడినట్టు కూడా ఆయనకి తెలియలేదు. చెప్పులో జిగటగా ఉందేమిటా అని చూసుకుంటే చర్మం ఊడి ఉంది. అప్పటికే లోపల షుగర్ ఎన్నాళ్లుగా ఉందో ఏమో, కాలికి స్పర్శ లేదు. పుండు మానలేదు. పట్నం ఆసుపత్రిలో వేళ్లు తీశారు, తరవాత పాదం తీశారు. విషం అప్పటికే ఒళ్లంతా పాకిందన్నారు.

ఆ ఆసుపత్రి వరండాలో సిస్టర్ నా పక్కన వచ్చి కూర్చుంది. నేనే ఆగలేక చెప్పేశాను. "దారం నేనే తీశాను సిస్టర్. పొయ్యిలో వేశాను."

"తెలుసు," అంది. "ఆ రోజే సూసేను ఖాళీ మేకు."

"మరి అడగలేదేం?"

"అడిగితే సిగ్గుపడి ఉద్యోగం మానేత్తావనుకున్నాను. నీ అంతట నువ్వే సెప్తావులే అని సూత్తూ కూర్చున్నాను. అదీ నా తప్పే పిల్లా. దారం పోతే ప్రాణం పోదు. కొలత పోయింది, సోమవారం పోయింది." మళ్లీ తనే అడిగింది. "నీది ఎందుకు వదిలేసేవ్? పక్క మేకునే ఉంది కదా."

"నాది గుర్తే రాలేదు."

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "ఆళ్లంతా చిల్లంగి అంటే నువ్వూ నమ్మేవు. ఒక్కసారి ఆలోచించలేకపోయేవా? ముడి దాటినోళ్ల దారాలే కదే ఆ గోడమీద ఉండేవి! దాటనోళ్లవి నేనెందుకు దాస్తాను? జబ్బు రాబోయేవోళ్లనే ఏరి ఏరి తగిలించేను. జబ్బొచ్చేక, దారం వల్లే వచ్చిందంటే ఎలాగమ్మా?"

అంత చిన్న సంగతి నా బుర్రకి తట్టలేదు. నెత్తీ నోరూ కొట్టుకుని ఏడ్చాను. నాన్న ఆ ఆదివారం పోయాడు. వాకిట్లో స్నానం చేయించేటప్పుడు మా పెదనాన్న మొలతాడు తెంపి పక్కన పడేశాడు. అది బురదలో పడి ఉంటే నేను తీసి కడిగి, తరవాత టేపు పెట్టి చూశాను. ఎనభై రెండు. నాన్న చెప్పింది నిజమే, కొలత మారలేదు. తాడు అబద్ధం చెప్పలేదు, అది ఉన్నచోటి సంగతే చెప్పింది. మా వాళ్లని నడుం చూపించమంటే అందరూ ఆ తాడు చోటే చూపిస్తారు. నేనూ అదే నమ్మాను. ఆ తాడు నాకు ఎన్నో కలల్లోకి వచ్చింది. నా నడుం చుట్టూ చుట్టుకుని, ఎవరో కొసలు పట్టుకుని లాగుతున్నట్టు.

పెద్దకర్మ అయిన మర్నాడు సిస్టర్ మా గుమ్మంలో నిలబడింది. వీధిలో తలుపులన్నీ మూసుకుపోయాయి. ఆవిడ ఓదార్చలేదు. దేవుడి మాటలూ చెప్పలేదు. "రేపటి నుంచి నువ్వు చుట్టు, నేను చీటీ రాత్తాను," అంది. ముందుగా ఆ పాత పోస్టర్ నా చేతే చింపించింది. ఎముక వెతకడం, ఊపిరి వదిలేదాకా ఆగడం, భయపడే మనిషి కళ్లలోకి చూస్తూ మాట్లాడడం, అన్నీ ఆవిడే నేర్పింది. దారం చుట్టిన మనుషుల్లో చాలామంది ఇవాళ మందులు వేసుకుని, నడక మొదలుపెట్టి నిక్షేపంగా తిరుగుతున్నారు. వాళ్లని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఇప్పుడు దారమ్మ నేనే. నన్ను చూస్తే మూసుకునే తలుపులు ఇంకా ఉన్నాయి. పోయేముందు ఆవిడ రెండు ముడుల దారం నా మెళ్లో వేసి ఒకటే చెప్పింది. "ఖాళీ మేకు కనపడితే అడిగెయ్. నాలాగ కూర్చోకు."

ఇవాళ ఖాళీగా ఉన్న మేకు ఎవరిదో నాకు తెలుసు. మా దగ్గర కొత్తగా చేరిన దివ్య వాళ్ల నాన్నది. అనకాపల్లిలో ఆటో నడుపుతాడు, పీలగా ఉంటాడు, దారం మాత్రం తొంభై ఐదు. పోయినవారం నేనే తెంపాను. దివ్య ముందు గదిలో బల్ల దగ్గర తల వంచుకుని రిజిస్టర్ రాస్తోంది. పేజీ తలకిందులుగా ఉందని కూడా చూసుకోలేదు. నేను గోడ మీంచి నా దారం తీసి ఆ పిల్ల ముందు పెట్టాను. చీటీ పసుపుపచ్చగా అయిపోయింది, గ్రేసమ్మ సిస్టర్ చేతిరాత సగం చెరిగింది.

"ఇది నాది. పదకొండేళ్లుగా ఆ గోడమీదే ఉంది. చచ్చానా?"

దివ్య కలం కింద పెట్టింది.

"మీ నాన్నది ఏం చేశావ్? పొయ్యిలో వేసేశావా?"

ఆ పిల్ల జాకెట్లోంచి నల్లదారం బయటికి తీసింది. ఒంటి చెమటకి తడిసి ఉంది. "దారం తీసెయ్యమని మా ఇంటి పక్కామె సెప్పింది మేడం... నాన్న తప్ప నాకెవరూ నేరు మేడం," అని వెక్కి వెక్కి ఏడ్చింది. పదకొండేళ్ల కిందటి నన్నే ఎవరో నా ముందు కూర్చోబెట్టినట్టయింది.

దారం తీసుకున్నాను కానీ మేకుకి తగిలించలేదు. టైము చూశాను, ఎనిమిదిన్నర. "మీ నాన్న టిఫిన్ చేశాడా?"

"ఇంకా నేదు మేడం. ఆటో తుడుసుకుంటన్నాడు."

"ఫోన్ చెయ్. ఏమీ తినొద్దని చెప్పు. సోమవారం దాకా ఆగక్కర్లేదు, ఇప్పుడే వస్తున్నాం," అన్నాను. రక్తం తీసే సామాను సంచిలో సర్దుకుని, ఆ తడిదారం చేతికి చుట్టుకుని బయల్దేరాను.